భజన పుస్తకాలకి స్పైరల్ బైండింగ్ ఆగుద్దా? 60 కాపీలు చేయించాలి

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం అండీ. ప్రింటింగ్, బైండింగ్ పని తెలిసినవాళ్ళు కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. మా అత్తగారు, ఇంకో ఇరవై మంది దాకా ఆడవాళ్ళు కలిసి శనివారం శనివారం రామాలయంలో భజన చేస్తారు, ధనుర్మాసంలో అయితే తెల్లారగట్ల నగర సంకీర్తన కూడా తిరుగుతారు. కీర్తనలు, తత్వాలు, మేలుకొలుపులు, మంగళహారతులు అన్నీ ఎవరి నోట్సులో వాళ్ళు రాసుకున్నవే, ఒకావిడ పుస్తకంలో రెండో చరణం ఇంకొకావిడ పుస్తకంలో మూడోది, పాట మధ్యలోకి వచ్చేసరికి సగం మంది ఒక దారి సగం మంది ఇంకో దారి. అందుకని నేనే కూర్చుని అన్నీ టైపు చేసి ఒక పుస్తకంగా పెట్టా. ఏ5 సైజు, 120 పేజీలు, అక్షరం 16 పాయింట్లు పెట్టా ఎందుకంటే అక్కడ అందరివీ కళ్ళజోళ్ళే. 60 కాపీలు కావాలి, పక్కూరి మండలి వాళ్ళు కూడా అడిగారు.

స్పైరల్ (కట్టు వైపు కన్నాల్లోంచి ప్లాస్టిక్ చుట్ట, అంటే కాయిల్, తిప్పి ఎక్కించేది) అని ఎందుకు అనుకున్నానంటే హార్మోనియం మీద తెరిచి పెడితే దానంతటది మూసుకోకూడదు, నిలబడి పాడేటప్పుడు వెనక్కి పూర్తిగా మడిచి ఒంటిచేత్తో పట్టుకోవాలి, రెండో చేతిలో చిడతలుంటాయి కదా. పైగా ఏటా కొత్త పాటలు చేరుతూనే ఉంటాయి, వాటిని మధ్యలో పెట్టుకునే వీలుండాలి.

ఇక్కడ దగ్గర్లో ఒక జిరాక్స్ షాపులో శాంపిల్ ఒకటి చేయించాం, చూస్తే ఏడుపొచ్చింది. 60వ పేజీ వరకూ బానే ఉంది, ఆ తర్వాత 120, 119, 118 అని వెనక్కి నడుస్తోంది. అక్కడినుంచే కన్నాలు కూడా అక్షరాల మీద పడ్డాయి. పేజీ తిప్పుతుంటే బిగుసుకుపోతోంది, లాగితే కన్నం దగ్గర చిరుగుతోంది. కాయిల్ చివర మొన తేలి మా అత్తగారి పట్టుచీర పోగు లాగేసింది. అడిగితే "స్పైరల్ అంటే అంతేనమ్మా" అన్నాడు. నిజంగా అంతేనా? వైరో (ఇనుప తీగ కట్టు) చేయించమంటారా, సెంటర్ పిన్ (కాగితాలు మధ్యకి మడిచి పిన్ను కొట్టడం) కొట్టించమంటారా? మా మరిది అమెరికాలో ఉంటాడు, చిన్న బైండింగ్ మెషిన్ పట్టుకొస్తా మీరే చేసుకోవచ్చు అంటున్నాడు, అది కూడా చెప్పండి.

డీటీపీ దుర్గ:

అంతే కాదండీ, మీ శాంపిల్‌లో సగం తప్పు కాయిల్‌ది కానే కాదు, ప్రింట్ ఇచ్చినప్పుడే అయిపోయింది. మీరు చెప్పిన ఆ 60 తర్వాత 120 అన్న ముక్క చూడగానే అర్థమైంది, ఎవరో ప్రింట్ బాక్సులో "బుక్‌లెట్" అని టిక్ పెట్టారు. అది సెంటర్ పిన్ కొట్టే పుస్తకాల కోసం. ఏ4 కాగితానికి ఎడమ సగంలో 120, కుడి సగంలో 1 వస్తాయి, వెనకాల 2, 119. మధ్యకి మడిచి పిన్ కొడితే వరసలో ఉంటుంది. మీకేమో మడవకుండా మధ్యకి కోశారు. కోస్తే రెండు దొంతరలు వస్తాయి, కుడిది 1 నుంచి 60 వరకూ సరిగ్గా ఉంటుంది, ఎడమది పైన 120 ఉంటుంది కింద 61 ఉంటుంది. ఆ ఎడమ దొంతరని మొత్తంగా బోర్లా తిప్పి కుడి దొంతర కింద పెట్టాలి, అప్పుడు 61 పైకొచ్చి చక్కగా 120 దాకా నడుస్తుంది. మీ షాపతను తిప్పకుండా అలాగే పెట్టేశాడు.

కన్నాలు అక్షరాల మీద పడింది కూడా అందుకే. మీరు ఫైల్లో మార్జిన్ కట్టు వైపు ఎక్కువ వదిలి ఉంటారు, బేసి పేజీకి ఎడమవైపు, సరి పేజీకి కుడివైపు. తిప్పని దొంతరలో సరి పేజీ పైకొచ్చింది, వదిలిన జాగా కుడివైపు ఉండిపోయింది, ఆయన ఎడమవైపు పంచ్ కొట్టాడు. ఒక్క తిప్పుడు మర్చిపోతే రెండు తప్పులు.

60 కాపీలకి ఈ బుక్‌లెట్ తిప్పుడు తలనొప్పి పెట్టుకోకండి, ఎక్కడో ఒక దొంతర తిరగబడుద్ది. దానికంటే ఒక ఏ4 మీద ఒకే పేజీ పక్కపక్కన రెండుసార్లు వేయించండి. ప్రింట్ బాక్సులో పేజీల దగ్గర 1,1,2,2,3,3 అని ఇచ్చి షీటుకి రెండు పేజీలు, రెండు వైపులా ప్రింటు, తిప్పడం షార్ట్ ఎడ్జ్ (పొట్టి అంచు మీదుగా) అని పెట్టాలి. అప్పుడు దొంతర మొత్తం మధ్యకి ఒక్క కోత కోస్తే ఎడమది ఒక పూర్తి పుస్తకం, కుడిది ఇంకో పూర్తి పుస్తకం. 120 పేజీలంటే 60 ఆకులు, కాబట్టి 60 ఏ4 కాగితాలకి రెండు పుస్తకాలు, మీ 60 కాపీలకి 1800 కాగితాలు. రీముకి 500 కాబట్టి నాలుగు రీములు తీసుకోండి, మిగిలిన 200 పాడైనవాటికి, ఇంకో పనికి (అదేంటో కింద ఎవరో ఒకరు చెప్తారు, లేకపోతే నేనే చెప్తా).

ఇంకో మాట. కోసేముందు ఒక్క సెట్ తీసి చేత్తో చూసుకోండి, కొన్ని ప్రింటర్లు పేజీని కాగితానికి సరిపెట్టడానికి కాస్త చిన్నది చేసేస్తాయి, అప్పుడు మీ 16 పాయింట్లు 15 అయి కూర్చుంటాయి. "అసలు సైజు" అని ఉంటుంది, అది పెట్టించండి. మార్జిన్ కట్టు వైపు 20 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉంచండి, కన్నం, దాని పక్కన వదిలే అంచు కలిసి ఓ 8, 9 మిల్లీమీటర్లు తినేస్తుంది, మిగతాది కంటికి గాలాడ్డానికి. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషుకి ఇచ్చినంత ఇస్తే సరిపోదు, పెద్దవాళ్ళకి మరీ.

జిరాక్స్ మల్లన్న:

దుర్గక్క చెప్పింది కరెక్టు. నాది హైదరాబాద్ అశోక్‌నగర్‌ల షాపు, గ్రూప్స్ పోరగాళ్ళు మెటీరియల్ కుప్పలు కుప్పలు తెస్తరు, స్పైరల్ కొట్టీ కొట్టీ చేతులు అరిగినయ్. ఇగ కాయిల్ సంగతి నేను చెప్త.

బిగుసుకుంటుంది అన్నరు కదా, మీకు 8 ఎంఎం కాయిల్ ఏసి ఉంటడు. చిన్న పుస్తకం కదా అని చేతికి దొరికింది ఏస్తరు. లెక్క ఏందంటే 75 జీఎస్‌ఎమ్ (అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు తూగేది) కాగితం పది ఆకులు దగ్గర దగ్గర ఒక మిల్లీమీటరు మందం ఉంటది. మీ 60 ఆకులు 6 ఎంఎం, పైనా కిందా అట్టలు కలిపితే 7కి దగ్గర పడ్తది. మందానికి ఇంకో 3 ఎంఎం కలిపి కాయిల్ తీసుకోవాలె, అంటే 10. మీరు పాటలు ఎక్కిస్తమంటున్నరు కాబట్టి 12 ఏయించుకోండ్రి. 12ల ఇంకో ఇరవై ఆకులు హాయిగ పడ్తయి. మరీ పెద్దది ఏస్తే కూడా మంచిది కాదు, పుస్తకం లోపల ఊగుతది, కాయిల్ మీద కాలు పడ్డా చెయ్యి పడ్డా నొక్కుకపోతది.

చిరుగుడు ఎందుకంటే రెండు. ఒకటి కాయిల్ చిన్నగ ఉండి ఆకు తిరగలేక లాగుతుంది. రెండోది పంచింగ్. చేత్తో కొట్టే మెషిన్ల పది పన్నెండు ఆకుల కంటె ఎక్కువ పెట్టొద్దు, తొందరకు ఇరవై, ఇరవై అయిదు కుక్కుతరు, కింది ఆకులకు కన్నం సగమే తెగి నారలు నారలుగ ఉంటది, అక్కడ్నుంచే చినుగుడు మొదలు. ఇంకోటి, మెషిన్ ఏ4 పొడవుకు ఉంటది, మీది ఏ5, కట్టు వైపు 210 ఎంఎం. పక్క గైడు సరిగ జరపకపోతే చివరి కన్నం కాగితం అంచుమీద సగం పడ్తది, అది ఉన్నట్టా లేనట్టా. ముందు చినిగేది ఆ మూలనే. ఒక చెత్త కాగితం కోసి, కొట్టి చూసి, పైనా కిందా సమానంగ అంచు మిగిలేటట్టు గైడు బిగించినంకనే అసలు పుస్తకం పెట్టాలె. కొన్ని మెషిన్లల అక్కర్లేని పిన్ను పక్కకు లాగే ఏర్పాటు ఉంటది, ఉంటే ఇంక మంచిది.

మొన సంగతి. "స్పైరల్ అంటే అంతే" అన్నోడు పని ఎగ్గొట్టిండు అంతె. కాయిల్ ఎక్కించినంక చివర ఒక అర అంగుళం వదిలి కోసి, ఆ ముక్కను లోపలికి, పక్క చుట్టు మీదికి వంచాలె. దీనికి క్రింపింగ్ ప్లయర్ అని ఒకటి ఉంటది, కోసుడు వంచుడు ఒక్కసారే చేస్తది. అది లేని షాపులల్ల నెయిల్ కట్టర్‌తో కట్ జేసి వదిలేస్తరు, ఆ కోసిన మొన సూది లెక్క ఉంటది, చీరలే కాదు పిల్లల చేతులు కూడ గీరుకుంటయి. ప్లయర్ లేకపోతే చిన్న ముక్కుపటకారుతో వంచి లైటర్ మంట ఒక్క క్షణం దూరంగ చూపిస్తే ప్లాస్టిక్ మెత్తబడి మొన గుండ్రం అయితది. ఎక్కువ చూపిస్తే నల్లగ కాలి వాసన, అది పీవీసీ, ఆ పొగ పీల్చొద్దు. రెండు చివర్లూ వంచిండా లేదా చూసి పైసలియ్యున్రి.

టెండర్ల సుబ్బు:

అందరూ స్పైరల్ స్పైరల్ అంటున్నారు గానీ నాకైతే దానిమీద గౌరవం లేదు. మా ఆఫీసు పని టెండర్లు వెయ్యడం. చాలా టెండర్ నోటీసుల్లో హార్డ్ బౌండ్ చేసి పేజీ నంబర్లు వేసి ఇవ్వాలి, స్పైరల్, లూజు కాగితాలు ఒప్పుకోం అని రాసే ఉంటుంది. కారణం సింపుల్, స్పైరల్ తిప్పి తీసేసి మధ్యలో పేజీ మార్చి మళ్ళీ తిప్పి పెట్టేస్తే ఎవరికీ తెలీదు. యూనివర్సిటీల్లో కూడా అంతే కదా, గైడుకి చూపించే డ్రాఫ్ట్ స్పైరల్, లైబ్రరీకి వెళ్ళేది గట్టి అట్ట. నిలబెట్టి బీరువాలో పెడితే వీపు మీద పేరు కూడా కనపడదు, ఏది ఏ పుస్తకమో తెలీక అన్నీ బయటికి లాగాలి.

భజన పుస్తకం అంటే పదేళ్ళు ఉండాలి. కుట్టు బైండింగ్ చేయించండి, ఫారాలు ఫారాలుగా (కొన్నేసి కాగితాలు మడిచిన కట్టలుగా) దారంతో కుట్టి అట్ట వేస్తే అదీ బాగానే తెరుచుకుంటుంది. లేదా 60 పేజీలు చొప్పున రెండు భాగాలు చేసి సెంటర్ పిన్ కొట్టించండి, చవక, తేలిక, చీర పోగు గొడవ లేదు.

డీటీపీ దుర్గ:

సుబ్బు గారూ, మీ టెండర్ కి ఏది లోపమో ఈవిడకి అదే కావాలండీ, పేజీ మధ్యలో పెట్టుకోగలగడం. ఆవిడ మొదటి పోస్టులోనే చెప్పారు.

కుట్టు బైండింగ్ గట్టిదే, కాదనను, తెరిచి బల్లమీద పెడితే పడుకుంటుంది కూడా. కానీ వెనక్కి పూర్తిగా మడిచి ఒక చేత్తో పట్టుకుంటే వీపు విరుగుద్ది, నాలుగు నెలల్లో ఫారాలు విడిపోతాయి. సెంటర్ పిన్ రెండు భాగాలన్నది మాత్రం నాకు నచ్చింది, బడ్జెట్ తక్కువైతే అదే చెప్పేదాన్ని. 120 పేజీలు ఒకే పుస్తకంగా పిన్ కొడితే 30 కాగితాలు మడవాలి, మధ్య ఆకులు బయటికి పొడుచుకొస్తాయి, అంచు కోస్తే మధ్య పేజీల్లో మార్జిన్ తగ్గిపోతుంది, పుస్తకం మూసి పెడితే నోరు తెరుచుకుని ఉంటుంది. 60 పేజీలైతే 15 కాగితాలే కాబట్టి బాగా కూర్చుంటుంది. గమనించాల్సింది ఏంటంటే పేజీల సంఖ్య 4తో భాగించబడాలి, లేకపోతే ఖాళీ పేజీలు మిగులుతాయి. కానీ భజనలో రెండో భాగం ఎవరి దగ్గరో ఉండిపోతుంది, "ఆ పాట ఎందులో ఉంది" అని వెతుకులాట, అది మీరే ఆలోచించుకోండి.

వైరో గురించి ఎవరూ చెప్పలేదు కదా. అది ఇనుప తీగ, రెండేసి చుట్లుగా ఉంటుంది, కన్నాల్లో పెట్టి ప్రెస్ తో మూస్తారు. చూడ్డానికి స్పైరల్ కంటే అందం, క్యాలెండర్లకి, డైరీలకి వేసేది అదే. ఎడమ పేజీ కుడి పేజీ ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉంటాయి. స్పైరల్లో కాయిల్ ఏటవాలుగా నడుస్తుంది కాబట్టి తెరిచినప్పుడు ఒక పేజీ ఇంకో పేజీ కంటే కాస్త పైకి జరిగినట్టు ఉంటుంది, రెండు పేజీల మీదుగా బొమ్మ ఉంటే తేడా తెలుస్తుంది, పాటలకైతే ఏం కాదు. కానీ వైరో ఒకసారి మూశాక మళ్ళీ విప్పడం అంటే తీగ వంకర పోతుంది, సంచిలో భజన తాళాల కింద నొక్కుకుపోతే తిరిగి గుండ్రంగా రాదు, పేజీలు జారిపోతాయి. ప్లాస్టిక్ అయితే నొక్కినా తిరిగి లేస్తుంది. ఆ చిడతలు, తాళాల సంచిలో వేసుకు తిరిగే పుస్తకానికి నేనైతే వైరో చెప్పను.

న్యూజెర్సీ నాని:

అక్కా, మీ మరిది గారికి మెషిన్ తీసుకురావద్దని చెప్పండి, దయచేసి. ఇక్కడ ఇంట్లో వాడుకునే చిన్న మెషిన్లు ఎక్కువగా కోంబ్ బైండింగ్ (దువ్వెన పళ్ళలాంటి ప్లాస్టిక్ కట్టు) వి, వాటి కన్నాలు గుండ్రంగా ఉండవు, చిన్న నిలువు చీలికల్లా ఉంటాయి, అందులో కాయిల్ తిరగదు. కోంబ్ కూడా విప్పి పేజీ పెట్టుకోవచ్చు గానీ వెనక్కి పూర్తిగా మడవలేరు, బలవంతంగా మడిస్తే పళ్ళు ఊడొస్తాయి. కాయిల్ మెషిన్లు వేరే ఉంటాయి, ఖరీదు, బరువు. ఇక్కడ కాగితం సైజు కూడా వేరు, లెటర్ అంటారు, ఎనిమిదిన్నర బై పదకొండు అంగుళాలు, ఏ4 కంటే కాస్త వెడల్పు, కాస్త పొట్టి. మెషిన్ గైడులన్నీ దానికే గీసి ఉంటాయి.

అసలు చిక్కు కన్నాల మధ్య దూరం. ఇక్కడ ప్లాస్టిక్ కాయిల్ ఎక్కువగా అంగుళానికి 4 కన్నాల లెక్కన వస్తుంది. మీ దగ్గర షాపులో కాయిల్ ఆ లెక్కదే అన్న గ్యారంటీ లేదు. నాలుగైదు కన్నాల వరకూ ఎక్కేస్తుంది, ఆ తర్వాత ఇరుక్కుంటుంది, తోస్తే కాగితం చిరుగుతుంది. మేం ఇక్కడ తెలుగు బడి పిల్లలకి అక్షరాల వర్క్‌బుక్కులు కాయిల్ బైండింగే చేయిస్తాం, పిల్లలు బల్లమీద వెనక్కి మడిచి రాసుకుంటారని. అప్పుడొకసారి పేజీలు ఒకచోట పంచ్ చేయించి కాయిల్ ఇంకోచోట కొన్నారు, సెలవురోజంతా దానితోనే సరిపోయింది. మెషిన్ ఏది, కాయిల్ ఏది అన్నది ఒకే షాపులో ఒకే రోజు తేల్చుకోండి.

గోదారిగట్టు:

అమ్మో ఇన్ని సంగతులున్నాయా. దుర్గ గారూ మీరు చెప్పినట్టు ఆ శాంపిల్ విప్పి వెనక సగం బోర్లా తిప్పి చూశానండీ, 61 నుంచి 120 దాకా చక్కగా వచ్చేసింది, మా అత్తగారు ఇదేం మాయే అన్నారు. అయితే ఇప్పుడు కన్నాలు ఆ సగానికి అవతలి అంచున ఉన్నాయి కాబట్టి అది పనికిరాదు లెండి.

మల్లన్న గారూ, కొత్త పాటలు పెట్టుకోవడం అన్నారు కదా, అది ఇంట్లో మేమే చేసుకోగలమా? ప్రతిసారీ 60 పుస్తకాలు మోసుకుని షాపుకెళ్ళాలా? ఇంకా పుస్తకం పైన అట్ట ఏం వెయ్యాలి? హారతి కర్పూరం, నూనె చేతులు, ధనుర్మాసంలో మంచు, అన్నీ దానిమీదే.

జిరాక్స్ మల్లన్న:

ఇంట్లనే చేసుకోవచ్చు అక్కా, గంతే కదా స్పైరల్ సుఖం. వంచిన మొన ఒకటి ముక్కుపటకారుతో నిటారుగ జేసి కాయిల్‌ను తిప్పుకుంట పోతే మొత్తం బయటికొస్తది. ఆకు పెట్టి, కన్నాలు సరిజూసుకొని, మళ్ళ తిప్పుకుంట ఎక్కించుడే. మొదటి నాలుగైదు కన్నాలు చేత్తో నిదానంగ ఎక్కియ్యాలె, తర్వాత పుస్తకాన్ని బల్ల అంచున పెట్టి అరచేత్తో కాయిల్‌ను రుద్దితే అదే ఉరుకుతది. ఆకులు ఎక్కడన్న జరిగి ఉంటే అక్కడ ఆగుతది, బలం పెట్టొద్దు, వెనక్కి రెండు చుట్లు తిప్పి ఆకులు తట్టి మళ్ళ పోవాలె. మొన మాటిమాటికి వంచి తీస్తే విరుగుతది, అందుకే ఏడాది పాటలన్నీ ఒక్కసారే ఎక్కించుకోండ్రి.

అసలు కిటుకు ఇది, దుర్గక్క మొదట్ల దాచిపెట్టింది ఇదే అనుకుంట. మీ పుస్తకాలు పంచ్ చేసే రోజునే, అదే మెషిన్ మీద, అదే గైడు బిగింపు మీద ఖాళీ ఏ5 ఆకులు కొన్ని వందలు కొట్టించి తెచ్చుకోండ్రి. 60 పుస్తకాలకు తలా 10 ఆకులంటే 600 ఆకులు, అంటే 300 ఏ4 కాగితాలు, మిగిలిన రీముకు ఇంకో కట్ట కలిపితే సరిపోతది. సంవత్సరం తర్వాత షాపోడు మెషిన్ మార్చినా, షాపే మూసినా మీ ఆకులకు ఢోకా లేదు. వాటి మీద కొత్త పాట చేత్తో రాసుకోవచ్చు. ప్రింటర్ల పెట్టాలనుకుంటే మటుకు జర ఆలోచించాలె, కన్నాలున్న కాగితం కొన్ని ప్రింటర్లు లాగవు.

అట్ట సంగతి. పైన ట్రాన్స్‌పరెంట్ షీటు, దాని కింద పేరు రాసిన రంగు అట్ట, వెనక గరుకుగ ఉండే ప్లాస్టిక్ షీటు. పైన షీటు పల్చటిది ఏస్తరు, అది కన్నాల కాడ పగుల్తది, 175 మైక్రాన్ అని అడుగున్రి. నూనె చెయ్యి పడ్డా తడిబట్టతో తుడిస్తే పోతది. లోపలి కాగితం మాత్రం 75 ఉంటె చాలు, మంచుకు మెత్తబడ్డా తెల్లారినంక ఆరుతది. 100 జీఎస్‌ఎమ్ గట్ల ఎక్కువ పోతే బరువు. 75ల మీ పుస్తకం ఆకులు మొత్తం 140 గ్రాములే వస్తయి, ముసలోళ్ళు గంటసేపు పట్టుకున్నా చెయ్యి గుంజదు.

డీటీపీ దుర్గ:

దాచలేదు మల్లన్నా, మీ నోట రావాలని ఆగా. దానికి ఒకటి కలుపుతా. పాటలు మధ్యలో చేరతాయి కాబట్టి విషయసూచికలో పేజీ నంబర్లు ఇవ్వకండి, పాట నంబర్లు ఇవ్వండి. లేకపోతే రెండు ఆకులు చేర్చగానే వెనక ఉన్నవన్నీ తప్పైపోతాయి. కీర్తనలు 1 నుంచి, తత్వాలు 201 నుంచి, హారతులు 301 నుంచి అని మొదలుపెడితే ఎక్కడ ఎన్ని చేరినా నంబరు చెదరదు, "203 తియ్యండమ్మా" అంటే అందరూ తీస్తారు. పాట ఒక ఆకులోనే అయిపోయేలా సర్దండి, పల్లవి ఈ ఆకు వెనక, చరణం పక్క ఆకులో అయితే మధ్యలో కొత్త ఆకు పెట్టినప్పుడు పాట తెగిపోతుంది. ఇవన్నీ ప్రింటుకిచ్చే ముందే చేసుకోవాల్సినవి, ఇప్పుడు రెండు రోజులు ఎక్కువ పట్టినా ఫైలు మీదే కూర్చోండి.

షాపుకి వర్డ్ ఫైలు ఇవ్వకండి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. వాళ్ళ కంప్యూటర్‌లో మీ తెలుగు ఫాంట్ లేకపోతే ఒత్తులు పక్కకి జరిగి, పేజీలు పొంగి, 120 కాస్తా 131 అవుతాయి. అప్పుడు మళ్ళీ ఇక్కడికొచ్చి ఏడుస్తారు.

టెండర్ల సుబ్బు:

సరే ఒప్పుకున్నా, భజనకి స్పైరలే. కానీ ఒక్క కాపీ మాత్రం గట్టి అట్ట వేయించి గుడిలో పెట్టండి, ఈ 60లో ఏ ఆకు పోయినా చూసి రాసుకోడానికి ఒకటుండాలి కదా. ఇంకోటి, షాపు నుంచి తెచ్చేటప్పుడు అన్నీ ఒకే వైపు పేర్చి తాడు బిగించి కట్టకండి. కాయిల్ వైపు ఎత్తు ఎక్కువ, ఇవతల వైపు తక్కువ, దొంతర ఒరిగిపోయి కింద పుస్తకాల కాయిళ్ళు కోడిగుడ్డు ఆకారంలోకి పోతాయి, తర్వాత పేజీ తిరగదు. ఒకటి కాయిల్ ఎడమకి, తర్వాతది కుడికి అలా మార్చి మార్చి పేర్చండి. మా ఆఫీసులో ట్రైనింగ్ పుస్తకాలు అలా ఎండాకాలం కారు డిక్కీలో ఉండిపోతే చూడాలి వాటి అవతారం.

గోదారిగట్టు:

గుడి కాపీ సంగతి చాలా మంచి మాట అండీ, అది తప్పకుండా చేయిస్తా. మెషిన్ వద్దని మరిదికి చెప్పేశాను, ఆ డబ్బుతో మండలికి హార్మోనియం బెల్లోస్ బాగు చేయించమన్నాను, సరే అన్నాడు. షాపతను పుస్తకానికి 35 అడుగుతున్నాడు బైండింగ్ కి, 60 కాబట్టి తగ్గించమనాలా? కాయిల్ రంగు కూడా అడుగుతున్నాడు, తెలుపు, నలుపు, నీలం ఉన్నాయట, తెలుపు బాగుంటుందని మా అత్తగారు.

జిరాక్స్ మల్లన్న:

అడుగున్రి, తగ్గిస్తడు, 60 అంటె మాకు మంచి ఆర్డరే. కానీ మరీ గుంజితే ఇరవై అయిదు ఆకులు ఒక్కసారి కుక్కి కొడ్తడు, మొన వంచకుండ ఇస్తడు, అందుకే రేటు మాట్లాడేటప్పుడే పది ఆకుల చొప్పున పంచింగ్, 12 ఎంఎం కాయిల్, రెండు మొనలు వంచుడు, పైన 175 షీటు, ఖాళీ ఆకుల పంచింగ్ అని చిట్టీ మీద రాయించుకోండ్రి. ముందు ఒక్కటి చేయించి, వెనక్కి పూర్తిగ మడిచి, మొదటి నుంచి చివరి దాకా ఆకులు జరజర తిప్పి చూసి, చీర కొంగు మొన మీద రుద్ది చూసినంకనే మిగతా 59 మొదలుపెట్టమనున్రి.

రంగు మాత్రం అత్తమ్మ మాట వినకున్రి. తెల్లది పసుపు కుంకుమ చేతులకు నెల తిరగకముందే ఎట్లనో అయితది. నల్లది చెప్పున్రి.